అరుపుల కింద మిఫ్తాహ్

రాదమ్మా, మా పిల్ల రాదు. మీ ఛానల్ కారు పంపినా రాదు, మీ పెద్దాయన స్వయంగా వచ్చి మా గుమ్మంలో బైఠాయించినా రాదు. నిరుడూ ఇదే చెప్పాను, మొన్న ఫోన్లోనూ ఇదే చెప్పాను. అయినా నిన్ను పంపారు. ఆడపిల్లని పంపితే ఈ మబ్రూకా కరిగిపోతుందనుకున్నారు కాబోలు!

ఆగాగు, అప్పుడే చెప్పులేసుకోకు. గడప దాటి లోపలికొచ్చినదానివి టీ తాగకుండా పోతే రేపు ఈ బెంఘాజీలో నేను తలెత్తుకోవద్దూ? తిట్టేది తిడతాను, పోసేది పోస్తాను. దేని దారి దానిదే. నీ పేరు సుమయ్యా అన్నావు కదూ? ఎంత హాయైన పేరు! ఎవరికి ఏ దేశం మీద కోపమొచ్చినా నీ జోలికి రారు.

మా పిల్లది చూడు. ఫరన్సా! ఆడపిల్లకి ఫ్రాన్సు దేశం పేరు! ఎక్కడైనా విన్నావా?

అప్పుడు ఊరంతా చప్పట్లు కొట్టిందిలే. ఎందుకు కొట్టదూ? తిరగబడ్డామని మన నియంత పంపిన ట్యాంకులు ఊరి పొలిమేరకొచ్చేశాయి. ఇల్లిల్లూ గాలిస్తామని రేడియోలో బెదిరింపులు. నాకేమో నొప్పులు. ఆస్పత్రిలో ఉన్న ఒక్క నర్సూ ఒక చేత్తో నా చెయ్యి పట్టుకుని, ఇంకో చేత్తో జపమాల తిప్పుకుంటోంది. ఇంతలో ఫ్రాన్సు విమానాలొచ్చి ఆ ట్యాంకుల్ని బూడిద చేసి పోయాయి. ఆ సాయంత్రమే ఇది పుట్టింది. మా ఆయనకి కాళ్లు నేల మీద ఆగితేనా! "ముందొచ్చి కాపాడినవాళ్ల పేరే పెడతా" అన్నాడు. నేనూ సరేనన్నాను. బతికి ఉన్నామన్న సంతోషంలో ఏ పేరైతేనేం అనిపించింది.

మన దగ్గర తల్లిని బిడ్డ పేరుతోనే కదా పిలుస్తారు? "ఉమ్ ఫరన్సా, ఉమ్ ఫరన్సా" అంటూ వీధి వీధంతా నన్ను నెత్తిన పెట్టుకుంది. ఇప్పుడో? అదే ఆడవాళ్లు "ఏమే, మిఫ్తాహ్ పెళ్లామా" అంటున్నారు. నోట్లోకి ఆ పేరు రానివ్వరు.

పిల్లకి తొమ్మిదేళ్లప్పుడు ఆ దేశంలో ఎవరో ప్రవక్తని కించపరిచే బొమ్మలు చూపించారని గొడవైంది చూడు, గుర్తుందా? వాళ్ల సరుకు కొనొద్దని కొట్లన్నిటికీ కాగితాలంటించారు. మా వీధి కొట్టువాడు జున్ను డబ్బాలన్నీ తీసి వెనక్కి విసిరేశాడు. మర్నాడు బడిలో దీని బల్ల మీద సుద్దముక్కతో "దీన్ని కొనకండి" అని రాశారు. పిల్లకాయలే, నవ్వులాటకి రాశారు. ఇది ఇంటికొచ్చి ఏమందో తెలుసా? "అమ్మా, నేను ఎక్కడ తయారయ్యాను?" అంది.

సబ్రీ పేటలో, మీ నానమ్మ ఇంట్లో తయారయ్యావే తల్లీ అన్నాను. ఇంకేమనను?

పేరు మార్చేద్దామన్నాను. హాయిగా హలీమా అని పెట్టుకుందామన్నాను. ససేమిరా అంది. "నాన్న నాకిచ్చింది ఇదొక్కటే కదమ్మా" అంది.

ఇంకొంచెం తాగు. మన పద్ధతిలో ఇందులో వేరుశనగలేశాను.

దానికి రెండో ఏడప్పుడు పోయాడు ఆయన. లేదు, యుద్ధంలో కాదు. అదే కదా మీతో వచ్చిన చిక్కు! నిరుడు మీవాడొకడు ఫోన్ చేసి, "మీవారు ఏ వర్గం వాళ్ల చేతిలో పోయారండీ?" అని అడిగాడు. పెళ్లివారి చేతిలో అన్నాను. టక్కున పెట్టేశాడు.

నిజమేనమ్మా, అల్లా సాక్షి. విమానాలు వాటి దారిన అవి పోయాయి. ఆయుధాల గోదాములు బార్లా తెరిచి ఉన్నాయి. సంతకెళ్లినట్టు వెళ్లి తెచ్చుకున్నారు జనం. మా ఆయనా ఒక తుపాకీ తెచ్చి బీరువా మీద పెట్టాడు, కొత్త ప్రభుత్వం రాగానే అప్పగించేస్తానని. తర్వాత ప్రభుత్వాలు ఒకటి కాదు, రెండొచ్చాయి. ఎవరికప్పగించాలో చెప్పడానికి ఆయన లేడు.

పెళ్లయితే కాల్పులు, కొడుకు పుడితే కాల్పులు, బంతాట గెలిస్తే కాల్పులు. ఆయన డాబా ఎక్కి నీళ్ల గొట్టం బిగిస్తున్నాడు. నాలుగు సందుల అవతల ఎవరిదో పెళ్లి. ఆకాశంలోకి కాల్చిన తూటా ఆకాశంలోనే ఉండిపోతుందా, చెప్పు? పెళ్లికొడుకు తరఫు పెద్దలు గొర్రెను తోలుకొచ్చి, నువ్వు కూర్చున్నట్టే తల వంచుకుని కూర్చున్నారు. ఎవడి తుపాకో వాళ్లకే తెలీదు. ఆచారం ప్రకారం క్షమించేశాం. ఎవరి మీద పగబట్టను? పెళ్లిపాటల మీదా?

మీ చర్చల్లో ఆ ఇద్దరూ ఉంటారే, కైరోలో కూర్చుని డాక్టర్ అష్రఫ్, ఇస్తాంబుల్‌లో కూర్చుని ఉస్తాద్ నూరీ... ఇద్దరికీ మా ఆయన చావు పనికిరాదు. అమరుడూ కాదు, ద్రోహీ కాదు. కానీ మా పిల్ల మాత్రం ఇద్దరికీ కావాలి. తెర మీద దాని పసిగుడ్డు నాటి వీడియో ముక్క వెయ్యడం, "విమానాలు రాకపోతే ఈ బిడ్డే లేదు" అని నూరీ, "ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నారు, ఇదిగో ఆ బూడిద" అని అష్రఫ్. ఎలుకా? ఊరి బయట నిలబడ్డవి ట్యాంకులయ్యా బాబూ! అలాగని ఆ నూరీ మాట ఒప్పుకుందామంటే, ఇల్లు నిజంగానే తగలబడింది కదా. నాకు ఆ నర్సు జపమాలా గుర్తుంది, డాబా మీద నెత్తురూ గుర్తుంది. మీ తెర మీద ఏ పెట్టెలో కూర్చోమంటావు నన్ను, అష్రఫ్ పక్కనా, నూరీ పక్కనా?

మరి ప్రతి మార్చిలోనూ, ఆ విమానాలొచ్చిన రోజున, మీ చర్చ ఎందుకు చూస్తారంటావా?

అడగనే అడిగావు.

ఆ వీడియోలో దాన్ని ఎత్తుకుని ఉన్నది ఎవరనుకున్నావు? మా ఆయనేనమ్మా! ఆస్పత్రి ముందు ఎవరో విదేశీ కెమెరావాడు తీశాడు. బిడ్డని పైకెత్తి ఏదో అంటాడు చూడు. నేను లోపల మంచం మీద ఉన్నాను, వినలేదు. తర్వాత అడిగితే, "ఏదో వాగానులేవే" అని నవ్వేశాడు. ఫోన్లు, పెళ్లి వీడియో, అన్నీ తర్వాతొచ్చిన యుద్ధంలో సబ్రీ పేటలోని ఇంటితో పాటే మట్టిలో కలిశాయి. ఆయన గొంతు ఇంకెక్కడా లేదు. మీ ఛానల్లో ఉంది, ఆ ఇద్దరి అరుపుల కింద.

ఫరన్సా వాళ్ల నాన్న గొంతు ఎరగదమ్మా. మార్చి వచ్చిందంటే టీవీకి ముక్కు ఆనించి కూర్చుంటుంది. ఆయన పెదాలు కదలగానే అష్రఫ్ ఒక పక్క, నూరీ ఒక పక్క. తర్వాత ఇది అద్దం ముందు నిలబడి పెదాలు అలాగే కదుపుతుంది, ఏమన్నాడో తేలుతుందేమోనని. ఒకసారి, "అమ్మా, చేపలు అన్నాడా?" అంది. నవ్వాలో ఏడవాలో తెలియక వంటింట్లోకి పోయాను.

నాకా ముక్క ఇప్పించు సుమయ్యా. నీ ఫోన్లో వేసినా చాలు.

ఏంటీ, మీది కాదా? ఆ విదేశీవాళ్లదా? ప్రసారానికి తప్ప బయటికి ఇవ్వకూడదా! బావుంది. మా ఆయన, మా బిడ్డ, మా ఊరు. గొంతు మాత్రం వాళ్ల సొత్తు.

సరే, ఇలా కూర్చో. బేరం మాట్లాడుకుందాం. పిల్లని నేనే తీసుకొస్తాను. మీరేం అడిగినా చెబుతుంది, పేరంటే ఇష్టమో కాదో కూడా చెబుతుంది. ఒక్కటే షరతు. ఆ ముక్క వేసినంతసేపూ ఆ ఇద్దరూ నోరు మూసుకోవాలి. వెనక సంగీతం వద్దు. అంతే. గుక్కెడు టీ తాగేంతసేపు పట్టదు. చెయ్యి, మీ పెద్దాయనకి ఇప్పుడే ఫోన్ చెయ్యి. నేను మాట్లాడన్లే.

ఏమన్నాడు?

లైవ్‌లో నిశ్శబ్దం కుదరదా... జనం ఛానల్ మార్చేస్తారా?

ఓహో.

లే, తల్లీ, నీ తప్పేముంది. కళ్లు తుడుచుకో. ఆ తలుపు వెనక నిలబడి మా పిల్ల అంతా వింటోంది, నువ్వు ఏడిస్తే అదీ మొదలుపెడుతుంది. చెప్పులేసుకో. పిల్ల రాదని చెప్పు. మేం ఇంట్లోనే చూస్తాం, మామూలుగానే. మేం మాత్రం ఛానల్ మార్చం, మీ పెద్దాయనకి ఆ మాట చెప్పు. ఆ ఇద్దరికీ కూడా వయసు మీద పడుతోంది కదా. ఏదో ఒక ఏడాది ఇద్దరికీ ఒకేసారి దగ్గు రాకపోతుందా?