పై అర ఎత్తు

వంటగది గోడకి తలుపుల అరలు బిగించడానికి వచ్చిన వడ్రంగి నేలమీద కూర్చుని తన చిత్రిక ఉలిని సానరాతి మీద నూరుతున్నాడు. పెళ్లయిన పదకొండో రోజునే భర్త ఓడ ఉద్యోగానికి వెళ్లిపోతే, ఆ ఇంట్లో ఒంటరిగా మిగిలిన అమ్మాయి గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

“ఇంకా ఎంతసేపు నూరతారు బాబాయ్?”

“దీంతో గడ్డం గీసుకోగలిగేదాకా. ముందు మీ ఆయన ఎత్తు చెప్పమ్మా. పై అర తలుపు తీసినప్పుడు నుదుటికి కొట్టుకోకూడదు.”

“నా కంటే ఎత్తే.”

“అది అందరికీ తెలుసు. ఎంతెత్తు?”

“పెళ్లి ఫొటోలో నా తల ఆయన చెవిదాకా వచ్చింది. కానీ అప్పుడు నావి ఎత్తు చెప్పులు.”

“బాగానే ఉంది సంబడం! ఫోన్ చేసి అడగరాదూ?”

“మొగుడి ఎత్తు కూడా తెలియని పెళ్లామనుకోరూ?”

“మురిసిపోతాడు. చెయ్యి.”

ఆమె పక్కగదిలోకి వెళ్లి కాసేపటికి తిరిగి వచ్చింది.

“అయిదడుగుల పదంగుళాలట. ఎంత నవ్వారో బాబాయ్!”

“చెప్పానా! మరి ముఖం అలా పెట్టావేం?”

“నా ఎత్తు చెప్పండి చూద్దామన్నాను. అయిదున్నర కదూ అన్నారు. అవునన్నాను.”

“కాదా?”

“నాలుగంగుళాలు తక్కువ.”

వడ్రంగి నూరడం ఆపాడు.

“అయితే పై అర ఎవరి ఎత్తుకు పెట్టనమ్మా? ఆయన ఎప్పుడొస్తాడు?”

“ఆరు నెలలకి. ఆయన ఎత్తుకే పెట్టండి బాబాయ్. నేను స్టూలెక్కి అందుకుంటాను. ఎవరైనా వస్తే, ఇక్కడ పొడుగు మనిషి ఒకాయన ఉంటాడని తెలియాలి కదా.”