రెండు పార్టీల నెట్టు

సింహాద్రిపురం పక్క పల్లెలో, ఇంటి నుంచే బెంగుళూరు కంపెనీకి పనిచేసే ఆమె, రౌటర్ బిగించిన అతణ్ణి మళ్ళీ పిలిపించింది.

“ఏందప్పా ఇది? ఒక నెట్టు పోతే రెండోది అందుకుంటుందంటివే. పొద్దున మీటింగులో రెండూ ఒకేసారి పోయినాయి. ఇంకోసారి ఇట్లయితే ఉద్యోగం ఊడుతుందన్నారు.”

“రౌటర్‌ది తప్పేం లేదక్కా.”

“ఈ ఊర్లో ఎవరి కేబులు తీసుకుంటే వాళ్ళ పార్టీ అంటారు. రెండు పార్టీల కేబుళ్ళూ తీసుకున్నానని రెండు వైపులోళ్ళూ నాతో మాటలు మానేసినారు. ఒకరి వైరు ఒకరు కోసుకున్నా ఒకటన్నా మిగులుతుందనుకుంటి.”

“వాళ్ళు కోసుకోరక్కా. స్తంభమెక్కి చూసినా. రెండు వైర్లూ ఒకే డబ్బాలోకి పోతాండాయి. పులివెందుల నుంచి వచ్చే లైను ఒకటే. రెండు పార్టీల నాయకులూ పొత్తులో తెచ్చుకున్నారు. పొద్దున తెగింది అదే.”

“ఎప్పటి పొత్తు?”

“పదేండ్లాయె.”

“థూ! వీళ్ళలో ఒకని కోసం కొట్లాడబోయి మా అన్న కుడిచెయ్యి పోగొట్టుకొని ఏడేండ్లప్పా.”

“అన్నకు చెప్పల్ల కదా అక్కా?”

“మెల్లగా మాట్లాడు. లోపలే ఉండాడు. ఆ నాయకుని పటం తుడుస్తాండాడు, ఎడంచేత్తో.”