కస్తూరి సీసా

ఫెజ్ నగరంలోని హమ్మాంకు, అంటే ఊరందరి ఆవిరి స్నానశాలకు, కోడలిని కబురుపెట్టి పిలిపించిన అత్తగారు, వేడిగదిలో తన నీళ్ల బకెట్లను ఆమె బకెట్లకు దూరంగా జరిపి కూర్చున్నారు. నింద మోసి పుట్టింట్లో ఉంటున్న కోడలు అది గమనించీ గమనించనట్టు తన బకెట్లో నీళ్లు కలుపుకుంది.

"డాక్టరమ్మ ఏమంది?"

"ఈస్ట్ పెరిగిందట అత్తయ్యా. మీరు రొట్టెల పిండిలో కలుపుతారే, దానికి చుట్టం. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల ఒంట్లోనూ ఉంటుందట, బహుశా మీ ఒంట్లో కూడా."

"నా ఊసెందుకు? నీకెవడు అంటించాడో చెప్పు."

"ఎవడూ అంటించలేదు. గొంతునొప్పికి యాంటీబయాటిక్ మాత్రలు మింగాను కదా, వాటికి ఒంట్లోని మంచి సూక్ష్మజీవులు చచ్చాయి. అడ్డులేక ఇది పెరిగింది. కింద ఆ దురద అందుకే."

"దురదకే కదా కస్తూరి నూనె ఇచ్చాను. శుద్ధి అవుతుందని."

"రోజూ రాసుకున్నాను. మంట రెట్టింపయింది దానివల్లేనట. సీసా చూసి డాక్టరమ్మ తల పట్టుకుంది."

అత్తగారు నల్లసబ్బును అరచేతిలో నలిపారు.

"ఇప్పుడు తగ్గిందా?"

"మందు వాడాక పూర్తిగా తగ్గింది."

"అయితే ఇంటికి రా. కస్తూరి సంగతి మాత్రం మావాడితో అనకు. నొచ్చుకుంటాడు."

"అననులెండి. నాకెవడో అంటించాడని మీరు ఆయనతో అన్నారే, అది అబద్ధమని ఎవరు చెబుతారు?"

"వాడు ఈపాటికి మరిచిపోయి ఉంటాడు. ఇలా తిరుగు, వీపు రుద్దుతాను."

"వద్దు అత్తయ్యా, మీకు అంటుకుంటుంది. నేను మా అమ్మ దగ్గరే ఉంటాను."