రెండు తలుపుల కారు

మొయినాబాద్‌లో రోడ్డు పక్కన రత్నాకర్ నడిపే కార్ల రిపేరు షెడ్డు. అమావాస్య కాబట్టి పనికి సెలవు. పగలు రెండు గంటలు. రత్నాకర్ తన రెండు తలుపుల కారులో స్టీరింగు ముందు కూర్చుని ఉన్నాడు. భార్య ప్రవీణ అన్నం గిన్నె పట్టుకుని కారు పక్కన నిలబడింది.

"దిగుతవా, దిగవా? అన్నం సల్లారుతున్నది."

"ఈడనే ఇయ్యి. దీన్లనే తింట."

"కొత్త సీటు మీద పప్పు పోస్తవా? మొన్న నేను జర చెయ్యి పెడితేనే ఒర్లినవ్."

"ఒర్లలే. చెయ్యి తుడుసుకోమన్న."

"ఒర్లినవ్."

"సరే, ఒర్లిన. ఏం తెచ్చినవ్?"

"పప్పు, బీరకాయ కూర. పొద్దుగాల తొమ్మిదింటికి ఛాయ్ తాగి ఎల్లినవ్. అమాస, షెడ్డు బంద్, పనోళ్ళు ఎవ్వలు రారు. నువ్వు మాత్రం తానం జేసి, తెల్లంగి తొడుక్కొని, పెండ్లికి పోయినట్టు ఎల్లినవ్. యాడికయ్యా అంటే ఊకె అన్నవ్."

"ఊకెనే వచ్చిన."

"ఊకె వచ్చి ఐదు గంటలాయె. ఇగో, నీళ్ళన్న తాగు."

"వద్దు."

"రేకుల కింద ఉడికిపోతున్నవ్. మొకం చూసుకో అద్దంల. గుటుకెడు తాగు."

"వద్దంటి గదా. దూప లేదు."

"గీ కారు వచ్చినకాన్నుంచి నీకు దూప లేదు, ఆకలి లేదు, నిద్ర లేదు. ఎన్ని నెలలాయె?"

"ఏడు."

"ఎనిమిది. బతుకమ్మ ముందట తెచ్చినవ్ ఆలూరు నుంచి. తాడు గట్టి టోచన్ పెట్టి గుంజుకొస్తుంటే రోడ్డు పొడుగుత జనం నవ్విన్రు."

"అప్పుడది కారు గాదు ప్రవీణ. ఎవలిదో ఫామ్‌హౌస్‌ల నాలుగేండ్లు మూలకు పడి ఉండె. హెడ్‌లైట్లు పువ్వు పడ్డ కండ్ల లెక్క తెల్లగైనయ్. ఇంజన్ల ఎలుక గూడు పెట్టింది. పిల్లలు గూడ..."

"ఆ పిల్లల్ని చాటల పెట్టి చేన్ల ఇడిసినవ్. చెప్పినవ్."

"వైర్లన్ని కొరికినయ్. ఒక్కొక్క వైరు పట్టుకొని..."

"నెల రోజులు. చెప్పినవ్."

"గేర్‌బాక్సు..."

"రెండుసార్లు దించినవ్, రెండుసార్లు ఎక్కిచ్చినవ్. అన్ని చెప్పినవయ్యా! నాకు కారు నడుపరాదు గని, చెప్తే మొత్తం ఇప్పి మల్ల జోడిస్త."

"జోడిస్తవ్ నువ్వు."

"మరి! గని ఇప్పటికి ఒక్కటి సమజ్ గాలే. గంత పైసలు పోసి కొన్నోళ్ళకు ఇంకో రెండు తలుపులు పెట్టియ్యకపోయిన్రా? ఎనుక కూసునేటోళ్ళు అద్దంలకెళ్ళి దుంకాల్నా?"

"ముందటి సీటు వంచి పోవాలె. దీన్ని కూపే అంటరు."

"కూపమంటే బాయి అని మా పంతులు చెప్పిండు. సరిగ్గనే పెట్టిన్రు పేరు. నీ వయసంత దీన్లనే పోసినవ్."

"కూపం గాదు, కూపే."

"ఏదైతేంది. దిగు, తిందువు. ఇంట్ల కింద కూసొని తినుమంటే కుర్చీ కావాలంటవ్. దీన్ల మాత్రం చక్కగ కాళ్ళు సాపుకొని కూసున్నవ్."

"ప్రవీణ, జర ఊకో."

"ఊకుంట తియ్యి. ఎనుక ఎర్ర లైటు మంచిగైందా? నిన్న వెలుగుతలేదంటివి. రా, చూపెట్టు."

"నువ్వే పోయి చూడు. నేను ఈడికెళ్ళి బ్రేకు తొక్కుత."

"తొక్కినవా?"

"తొక్కిన."

"వెలుగుతలే."

"ఇప్పుడు?"

"జరంత వెలిగింది. పోయింది. మల్ల తొక్కు. గట్టిగ తొక్కు."

"కాలు మొద్దుబారింది. లైటు మంచిగనే ఉన్నది, ఇడువు."

"మొద్దుబారదా మరి? ఇగో, మరిచిన. కారు కొంటనన్న ఉదయ్‌భాస్కర్ సారు ఫోన్ చేసిండు. నీకు చేస్తే ఎత్తుతలేవట."

"చూడలే."

"నీ చేతులనే ఉన్నది ఫోను."

"సైలెంట్‌ల ఉన్నది."

"నాలుగింటికి వస్తడట. ఇయ్యాల చూసి పోతడు, అమాస ఎల్లినంక రేపు తీస్కపోతడు. ప్లాట్ల దందా గదా ఆయనది. గిసొంటి కారుల పోయి దిగితే గిరాకీలు నమ్ముతరట."

"నాలుగింటికా?"

"మొకం ఎందుకు గట్ల వెట్టినవ్?"

"ఏం లే. ఐదింటికి రమ్మను."

"నాలుగింటికైనా ఐదింటికైనా నేనుండ. నన్ను చందనవెల్లి ఫ్యాక్టరీకి తీస్కపోయే బస్సు మూడున్నరకే వస్తది."

"అయితే ఆరింటికి రమ్మను."

"ఏందయ్యా నువ్వు? అమ్ముతనన్నది నువ్వు. నేననలే. దీన్ని అమ్మితే నువ్వు ఫ్యాక్టరీ పని బంజేసి ఇంటికాడ కుట్టుమిషన్ పెట్టుకోవచ్చు, ఎనిమిది గంటలు నిలబడుడు తప్పుతది అన్నవ్. నేను మురిసిన. ముందుగాల మురిసినమ్మ పండుగెరుగదని మా అవ్వ ఊకె అన్లే."

"అమ్మనని నేనన్ననా?"

"అమ్ముతనని గూడ అంటలేవ్."

"ఇప్పుడా సంగతెందుకు?"

"చెప్పరాదు? నోట్ల బెల్లం ఉన్నదా?"

"ప్రవీణ, నీకొకటి ఎర్కేనా? నేను దీన్ల కూసునుడు ఇదే మొదటిసారి."

"అబద్ధం."

"మైసమ్మ తల్లి మీద ఒట్టు."

"ఎనిమిది నెలలు ఈడనే పడి ఉంటివి. కూసోకుంట ఎట్ల చేసినవ్ గింత పని?"

"కింద పండుకొని చేసిన. బానెట్ మీద వంగి చేసిన. తాళంచెవి తిప్పాల్నంటే బయట నిలబడి, అద్దంల నుంచి చెయ్యి పెట్టి తిప్పిన. మా ఉస్తాద్ నేర్పిన పద్ధతి. గ్రీజు బట్టల తోటి గిరాకి సీటుల కూసోవద్దని. పని నేర్చుకునే దినాలల్ల ఒక్కసారి కూసుంటే పానా తోటి ఈపుల ఏసిండు."

"గిరాకి కారు గాదు గదా ఇది. నీదే గదా."

"చేతికి అలవాటు. నాదని యాదికుండకపాయె."

"మల్ల రోడ్డు మీద నడిపి చూసింది ఎవలు?"

"పెయింటు జయరాజ్. హిమాయత్‌నగర్ దాంక పోయొచ్చిండు. నేను షెడ్డు ముంగట నిలబడి ఇంజన్ సప్పుడు విన్న. ఎట్లున్నదిరా అంటే మస్తున్నదన్న అన్నడు. గంతే."

"నువ్వు పోలే?"

"తానం జేసినంక కూసుందామనుకున్న. రోజు పని ఒడిసేటాలకు తానం జేసే ఓపిక యాడుంటది? ఇయ్యాల సారు వస్తడు, రేపు తీస్కపోతడు. గందుకే పొద్దుగాల... ముప్పై ఏండ్లాయె ప్రవీణ. లోకంల ఉన్న కార్లన్ని కిందికెళ్ళే చూసిన. ఒక్కదాన్ని లోపలికెళ్ళి చూద్దామనుకున్న."

"గందుకా తెల్లంగి?"

"ఊ."

"నాకు చెప్తే ఏమైతుండె? నేను గూడ చీర కట్టుకొని వస్తుంటి."

"నువ్వు నవ్వుతవనుకున్న."

"నవ్వుతుంటి గని, వస్తుంటి. ఎట్లున్నది మరి లోపల?"

"కిందికున్నది. మస్తు కిందికి. రోడ్డు మీద సాప పరిసి కూసున్నట్టే ఉన్నది."

"మంచిగున్నదా?"

"మంచిగున్నది. సీటు మనిషిని గట్టిగ పట్టుకుంటది. ఇడువది."

"నేను గూడ కూసుంట. అటు దిక్కు తలుపు తియ్యి."

"వద్దు!"

"నా బట్టలకు గ్రీజు లేదయ్యా."

"వద్దన్న గదా. ఇద్దరం దీన్లనే కూసుంటే... నీకు బస్సు టైమైతది."

"ఇంకా గంటన్నర ఉన్నది బస్సుకు."

"నువ్వు నిలబడు. నువ్వు బయటనే ఉండాలె."

"నిలబడుడే గదా నా పని. ఆడ మిషన్ ముందట, ఈడ నీ కారు ముందట."

"కోపానికి రాకు."

"కోపం గాదు. కోపానికొచ్చే ఓపిక గూడ లేదు. ఇగో, ఒక మాట చెప్త, వింటవా?"

"చెప్పు."

"అమ్మకు."

"ఏంది?"

"కారు అమ్మకు అంటున్న. ఉంచుకో. నేను ఇంకొక ఏడాది పోత ఫ్యాక్టరీకి. కాళ్ళకు అలవాటైంది."

"రోజు పండుకునే ముందట నూనె రాసుకుంటవ్."

"రాసుకుంటే తక్కువైతున్నది."

"తక్కువైతలే. నిద్రల మూలుగుతవ్. నాకు తెల్వదా?"

"తెలిస్తే తెలిసింది. నాకిప్పుడు ఏడుపొస్తున్నది. ముప్పై ఏండ్లు కార్ల కింద పండుకున్న మనిషి ఒక్కపూట లోపల కూసుంటే, నేనొచ్చి దిగు దిగు అని పానం తీస్తున్న. దిగకయ్యా. తానం జేసినప్పుడల్లా కూసో. నాకు బాధ లేదు. ఉన్నది, ఎందుకు లేదు, ఉన్నది గని ఉంచుకో."

"ప్రవీణ, నేను చెప్పేది..."

"చెప్పకు. నువ్వు చెప్తే మల్ల నా మనసు మారుతది. ఆగు, సారుకు నేనే చెప్త. నెంబరు ఉన్నది."

"ఫోన్ చెయ్యకు."

"చేస్తున్న."

"బంద్ చెయ్యి ప్రవీణ."

"మోగుతున్నది, ఊకో. హలో... సార్, నమస్తే సార్. నేను, రత్నాకర్ ఇంట్లామెను. ఆ కారు సంగతే సార్. ఏమనుకోకున్రి..."

"అమ్ముతున్నమని చెప్పు!"

"ఒక్క నిమిషం సార్... ఏందయ్యా? నీ కోసమే గదా నేను చెప్తున్నది! పొద్దుగాల తొమ్మిది గంటల సంది దీన్నిడిసి దిగుతలేవ్, మల్ల అమ్ముతున్నమంటవ్?"

"నాలుగింటికే రమ్మని చెప్పి ఫోన్ పెట్టెయ్యి. పెట్టేసి ఈ తలుపు మొత్తం తెరిచి, నా చంకలల్ల చేతులు పెట్టి గుంజు. మురిపానికి కూసోలే నేను. మోకాళ్ళు పట్టేసినయ్ ప్రవీణ, కూసున్నకాన్నుంచి లేవొస్తలేదు."