దారం ఏ వరుసలో ఉంది

సభకు పెద్దగా కూర్చున్న మా వీధి సంఘం అధ్యక్షులు ఉత్సుమి గారికి, ముందు వరుసలో ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చున్న మా యజమాని కంబారా గారికి, ఆయన్ని నలభై ఎనిమిదేళ్లుగా భరిస్తున్న హిసాయె గారికి, మాతో కలిసి పనిచేసిన వాళ్లకి, మా చేత కోట్లు కుట్టించుకున్న వాళ్లకి, కింద వంటగదిలో ఉడుకుతున్న ఓదెన్ పులుసు వాసనకి మెట్లెక్కి వచ్చి మొహమాటంగా వెనక కూర్చున్న ఇరుగుపొరుగు వాళ్లకి, అందరికీ నా నమస్కారాలు. (నవ్వులు)

నా పేరు సోనొకో నిషివాకి. హిమేజీలో ఈ నాలుగు వీధుల్లో నన్ను ఎరగని వాళ్లు లేరు గానీ, తొకుషిమా నుంచి నిన్న పడవెక్కి వచ్చిన కురిహారా దంపతులు ఇక్కడున్నారు కాబట్టి చెబుతున్నాను. కంబారా గారి కార్ఖానాలో ముప్పై రెండేళ్లుగా కుట్టు మెషిన్ మీద కూర్చున్న మనిషిని. యుద్ధకాలం నాటి అమెరికా పైలట్ల తోలు కోట్లను, దారం రంగు నుంచి జిప్పు పళ్ల దాకా, అచ్చం అప్పుడెలా కుట్టారో అలాగే మళ్లీ కుట్టడం మా పని. నిన్న సాయంత్రం చివరి కోటు కుట్టి మెషిన్ మీద గుడ్డ కప్పేశాం. ఆ కోటే ఇందాక ఉత్సుమి గారి చేతుల మీదుగా యజమాని గారికి తొడిగించాం. ఇన్నేళ్లలో ఆయన తన కోసం ఒక్క కోటు కూడా కుట్టించుకోలేదు, ఆ పాత నూలు ఏప్రాన్ తప్ప ఇంకోటి ఆయన ఒంటి మీద చూసిన వాళ్లు లేరు. హిసాయె గారూ, బాగుందా? ఆవిడ కొంగొత్త పెళ్లికొడుకుని చూసినట్టు చూస్తున్నారు. (నవ్వులు)

యజమాని గారూ, మీ చెయ్యి ఎడమ జేబు కింద తిరుగుతోంది, ఇక్కడి నుంచి కనబడుతూనే ఉంది. ఏదో తగులుతోంది కదా. నేనక్కడికే వస్తున్నాను, కాస్త ఓపిక పట్టండి.

కార్ఖానా ఎందుకు మూస్తున్నారని నెల రోజులుగా బజారులో నన్ను అడగని వాళ్లు లేరు. ఆయన కళ్లు పోతున్నాయి, అంతే. అంచులు కనిపిస్తాయట, మధ్యలో ఉన్నది కనిపించదట. కోటును పక్కకు తిప్పి, మెడ వంచి, వేళ్లతో తడుముతూ రెండేళ్లు నెట్టుకొచ్చారు. ఈ వేసవిలో ఓ రోజు కాలరు కుట్టు తడిమి, "ఇది బాగుందో లేదో నాకు తెలియట్లేదు" అన్నారు. ఆ మాట అన్న మర్నాడే మూసేద్దామని చెప్పారు. తనకు తెలియని కోటు తన పేరుతో బయటికి పోవడం ఆయనకు ఇష్టం లేదు.

ఆయన పట్టుదల సంగతి ఇక్కడ చాలామందికి తెలుసు. ఒకసారి జిప్పులు తయారుచేసే ఒసాకా ఆయనొకడు పెట్టె తెచ్చి, పళ్ల మధ్య వెంట్రుకవాసి తేడా ఉంటే మాత్రం ఎవరు చూస్తారండీ అన్నాడు. మా యజమాని గారు గొడవ పడలేదు. ఆ పెట్టెను చక్కగా మళ్లీ తాడుతో కట్టి, ఆయన చేతికిచ్చి, టీ తాగించి, బస్టాపు దాకా వెళ్లి సాగనంపి వచ్చారు. మనుషుల్ని మెచ్చుకోవడం కూడా అంతే. ముప్పై రెండేళ్లలో నా కుట్టు చూసి ఆయన అన్న పెద్ద మాట "ఊఁ". అది కూడా ఏడాదికి రెండుసార్లు. కత్తిరింపు చేసే ఒదానీ గారికైతే ఒక్కసారే దక్కింది, ఆయన ఇప్పటికీ అది దగ్గేమోనని అనుమానపడుతుంటారు. ఒదానీ గారూ, గ్లాసు కింద పెట్టండి, భోజనాల ముందే మూడోది. (నవ్వులు)

ఇంకొక మాట చెప్పి అసలు విషయానికి వస్తాను. ఈ కోట్లు తొడుక్కున్న వాళ్లే ఒకప్పుడు ఈ ఊరి మీద బాంబులు వేశారు. యజమాని గారి అమ్మగారు ఆ మంటల్లోంచి తడి పరుపు నెత్తిన వేసుకుని నది దాకా పరిగెత్తిన మనిషి. కొడుకు ఈ పని మొదలుపెట్టినప్పుడు ఆవిడ మూడు నెలలు కార్ఖానా గడప తొక్కలేదు. ఓ మధ్యాహ్నం తనే వచ్చి, మొదటి కోటు లోపలి వైపు తిరగేసి, కుట్టు మీద గోరు పెట్టి చివరిదాకా లాగి, "ఇది మొదట కుట్టింది కూడా ఎవరో ఆడమనిషే అయ్యుంటుంది" అంది. ఆ తర్వాత రోజూ వచ్చి మా పక్కన కూర్చునేది. ఆవిడ ఇవాళ ఉంటే బాగుండేది.

సరే. ఇవాళ డిసెంబరు ఎనిమిది, మన సూదుల రోజు. ఏడాదంతా గుర్రపు తోలులో దిగి దిగి విరిగిపోయిన సూదుల్ని ఇందాక అందరం ఆ బల్ల మీది టోఫు దిమ్మలో గుచ్చి దణ్ణం పెట్టుకున్నాం. కష్టపడ్డ సూదికి చివరికైనా మెత్తటి చోటు దొరకాలని. మా అమ్మ ఇంకోటి కూడా చెప్పేది: సూదితో పాటు, ఎవరికీ చెప్పుకోలేని మాట ఉంటే అది కూడా అందులో గుచ్చెయ్యి, పోతుంది అని. నేను ముప్పై రెండేళ్లుగా ప్రతి డిసెంబరులో ఒకే మాట గుచ్చుతున్నాను. అది పోలేదు. ఎన్ని దిమ్మల టోఫు దండగైందో లెక్కలేదు. (నవ్వులు) ఉత్సుమి గారూ, ఆ మంచినీళ్లు ఇటివ్వండి.

నేను ఇక్కడికి రాకముందు కొజిమాలో బడిపిల్లల యూనిఫారాలు కుట్టేదాన్ని. గుడ్డ మీద చెయ్యి తిరిగిన మనిషికి కుట్టు విప్పడమంటే లెక్కే లేదు. తప్పు పోయిందా, బర్రుమని విప్పు, నీళ్లు చల్లి ఇస్త్రీ పెట్టు, సూది దిగిన చోటు కలిసిపోతుంది. తోలు అలా కాదు. ఒకసారి సూది దిగితే ఆ రంధ్రం దిగినట్టే, కోటు ఉన్నన్నాళ్లూ ఉంటుంది. ఆ సంగతి వినడం వేరు, ఒంటికి పట్టడం వేరు.

నేను చేరిన మొదటి వారం అది. కోబేలో ఓ ముసలి డాక్టరు గారి దగ్గర అసలైన యుద్ధకాలపు కోటు ఉందని తెలిసి, యజమాని గారు ఏడాది పాటు ఆయన చుట్టూ తిరిగి, మూడు రోజులకు అరువు తెచ్చారు. కుట్లన్నీ విప్పి, ప్రతి ముక్కా కొలిచి, నమూనా అట్టలు కత్తిరించుకుని, మళ్లీ ఉన్నది ఉన్నట్టు కుట్టి ఇచ్చెయ్యాలి. ఎడమ జేబు సగం ఊడి, ఒక మూల నాలుగు కుట్ల మీద వేలాడుతోంది. "దాన్ని మాత్రం నేనొచ్చేదాకా ముట్టుకోవద్దు" అని చెప్పి ఆయన కొలబద్ద తేవడానికి ఇంట్లోకి వెళ్లారు. నాకేమో కొత్త ఉత్సాహం, పనిమంతురాలినని చూపించుకోవాలని. నాలుగు కుట్లే కదా అని బర్రుమని విప్పేశాను.

విప్పాక చూస్తే కింద రెండు వరుసల రంధ్రాలు. ఒక వరుస కుడి జేబుకు సరిసమానంగా ఉంది, రెండోది ఒక బియ్యపుగింజ పొడుగంత కిందికి. ఎవరో ఎప్పుడో ఆ జేబును ఒకసారి మార్చి కుట్టారన్నమాట. ఆయన వచ్చారు. విప్పేసి ఉండటం చూశారు. తిట్టలేదు. వంగి చూసి, "దారం ఏ వరుసలో ఉందమ్మా?" అని అడిగారు.

నేను చూడలేదు. నాకు తెలియదు. తెలియదని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ ఉద్యోగం పోతుందనే భయంతో, నేనసలు ఆలోచించనే లేదు, "కింది వరుసలో" అనేశాను.



ఆయన అట్ట మీద పెన్సిలుతో గీత గీశారు. ఎడమ జేబు, ఒక బియ్యపుగింజ కిందికి. ఆ కోటును అలాగే కుట్టి డాక్టరు గారికి ఇచ్చేశాం. ఆయనా పోయారు, ఆ కోటూ ఏ దేశం పోయిందో తెలియదు. ఆ రోజు నుంచి కంబారా వారి ప్రతి కోటుకీ ఎడమ జేబు గింజంత కిందికే ఉంది. వెనక వరుసలో, పాత కోట్ల చరిత్ర రాసే ఇమోతో గారు తల పట్టుకుంటున్నారు. ఆయన దాని మీద పత్రికలో పన్నెండు పేజీల వ్యాసం రాశారు. యుద్ధం రోజుల్లో ఫలానా కార్ఖానాలో ఫలానా నెలల్లో ఎడమచేతి వాటం అమ్మాయిలు కుట్టడం వల్ల ఆ జేబు దిగిందని, దాన్ని కనిపెట్టింది లోకం మొత్తం మీద కంబారా గారొక్కరేనని. (నవ్వులు) ఇమోతో గారూ, నన్ను క్షమించండి. ఆ ఎడమచేతి వాటం అమ్మాయిలు లేరు. ఉన్నది నేనొక్కదాన్నే, నాది కుడిచెయ్యి.

వెంట్రుకవాసికి పెట్టె వెనక్కిచ్చిన మనిషి పేరు మీద నేను నా అబద్ధాన్ని ముప్పై రెండేళ్లు కుట్టాను. చెబుదామని ఎన్నిసార్లు ఆయన గది దాకా వెళ్లి, దారం కండె అడిగి వెనక్కొచ్చానో. కార్ఖానా మూసేస్తే దాంతో పాటే పోతుందిలే అనుకుని కాస్త తేలిక పడ్డాను కూడా, సిగ్గు విడిచి చెబుతున్నాను. కానీ రేపు పొద్దున కురిహారా దంపతులు ఈ పని అక్కడ కొనసాగించడానికి ఆ అట్టలన్నీ మూట కట్టుకుని తొకుషిమా తీసుకెళ్తున్నారు. ఆ కుర్రజంట నిన్న ఆ ఎడమ జేబు అట్టను వెలుతురుకి పట్టి, ఎంత నిజాయితీగా కొలిచారో అని మురిసిపోతుంటే నాకు అన్నం సయించలేదు. నా మాట వాళ్ల పడవెక్కకూడదు. అందుకే ఇవాళ, ఇంతమందిలో చెబుతున్నాను. యజమాని గారూ, నేను అబద్ధం చెప్పాను. మీ పేరు పాడు చేశాను. క్షమించమని అడిగే మొహం కూడా లేదు.

(కంబారా గారు ఏదో గొణుగుతారు)

ఏమంటున్నారండీ? వినబడట్లేదు. ఒదానీ గారూ, మైకు అందించండి.

కంబారా గారు (కూర్చునే): "ఆ రోజు పై వరుస రంధ్రాల్లో దారం ముక్కలున్నాయి. అప్పుడు నా కళ్లు బాగానే ఉండేవి కదా. చూశాను."

(సభలో కలకలం)

కంబారా గారు: "కొత్త మనిషి, బెదిరిపోయి ఉంది, రేపు అడుగుదాం అనుకున్నాను. మర్నాడు నేను తలుపు తీసేసరికి నువ్వు అప్పటికే వచ్చి, గుమ్మం ఊడ్చి, నూనె డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నావు. అడగబుద్ధి కాలేదు. ఎల్లుండి అడుగుదాం అనుకున్నాను. ఆ తర్వాత ఇమోతో గారు పన్నెండు పేజీలు రాశారు." (పెద్దగా నవ్వులు) "పాడైతే నా పేరు నేనే పాడు చేసుకున్నాను. నువ్వు చెప్పింది ఒక్క మాట. గీత గీసింది నేను."

(ఎవరో సోనొకో గారికి చేతిరుమాలు అందిస్తారు)

ఆగండి, ఒక్క నిమిషం. ఈ చేతిరుమాలు ఎవరిది? ఎవరిదైతేనేం.

నేను ఆ రోజు ముందుగా వచ్చింది భయంతోనండీ. ఆ తర్వాత రోజూ ముందుగా వచ్చి ఊడ్చింది కూడా ఆ భయంతోనే. ఎప్పుడు భయం పోయిందో, ఎప్పుడు అది నా చోటై కూర్చుందో నాకు తెలియదు, కానీ రేపు పొద్దున ఆరింటికి మెలకువ వచ్చి ఎక్కడికి పోవాలో తెలియక కూర్చుంటాను. మీరు నన్ను అడగకుండా వదిలేసిన ముప్పై రెండేళ్లూ నాకు అన్నం పెట్టాయి. మెచ్చుకోని మీ నోటిని నేను చాలా తిట్టుకున్నాను. ఆ నోరు అడగాల్సినదాన్ని కూడా అడగలేదని ఇవాళే తెలిసింది.

ఇక ఆ కోటు సంగతి. నిన్న అలవాటుగా ఎడమ జేబును గింజంత కిందికే కుట్టేశాను. కుట్టి, ఎదురుగా పెట్టుకుని చాలాసేపు చూశాను. చూసి విప్పాను. ఈసారి బర్రుమని కాదు, ఒక్కొక్క కుట్టూ కత్తిరించి విప్పాను. విప్పి, గింజంత పైకి జరిపి మళ్లీ కుట్టాను. అందుకే మీ వేలికి ఖాళీ రంధ్రాల వరుస ఒకటి తగులుతోంది. అది పోదు, కోటు ఉన్నన్నాళ్లూ ఉంటుంది, ఉండనివ్వండి.

కురిహారా గారూ, అమ్మాయీ, ఆ అట్ట మీద పాత గీత చెరపకండి, పక్కన కొత్త గీత గీసి ఇస్తాను, రెండూ తీసుకెళ్లండి. నా మాటలు ఇంతసేపు విన్న ఉత్సుమి గారికి, ఓదెన్ చల్లారుతున్నా లేవకుండా కూర్చున్న మీ అందరికీ కృతజ్ఞతలు.

యజమాని గారూ, మైకు మీ దగ్గరే ఉంది. ఎల్లుండి అడుగుదాం అనుకున్నారు కదా. ఇప్పుడు అడగండి.

కంబారా గారు (జేబు మీద చెయ్యి పెట్టుకుని): "దారం ఏ వరుసలో ఉందమ్మా?"

పై వరుసలో ఉందండీ. చూసి చెబుతున్నాను. సెలవు.