జహీరన్న సొంత గొంతు

బంద్ జెయ్ బిడ్డా ఫౌజియా, జర ఆ ఫోన్ బంద్ జెయ్. అరే, కోపం గాదు. 'జయరాజు తాతా, మా దాదా సిన్మా దొరికింది, ఆయన గొంతెంత బాగుందో ఇను' అనుకుంట గింత సంబురంగ వచ్చినవ్, నీ మీద కోపమేంది నాకు? గని కూసోబుద్దయితలేదు. నా అద్దాలెక్కడ పెట్టిన్నో... ఆ, నెత్తి మీదనే ఉన్నయ్. ఇను. మొఖం మీ దాదాదే. నడక ఆయనదే. గొంతు ఆయనది గాదు. ఆఁ, ఒట్టు. గట్ల జూడకు. నువ్వు పుట్టకముందే పాయె మనిషి, నీకెట్ల తెలుస్తది? చెప్పకుంట ఊకుందమంటె పానం ఒప్పుకుంటలేదు.

జహీరుద్దీనంటే ఈ కాజీపేటల ఎరుకలేనోడు లేకుండె. నాకంటె పెద్ద, అందుకే జహీరన్న అంటుంటి. పడుసుతనంల రిక్షాకు మైకు కట్టుకొని వరంగల్ గల్లీగల్లీ తిరుగుకుంట సిన్మాల ప్రచారం జేసెటోడు. 'అక్కలారా, చెల్లెలారా, ముంతల నీళ్లు తెచ్చుకోండ్రి, ఏడ్సి ఏడ్సి గొంతెండుతది!' అనెటోడు. జనం ఆ మాటకే పోతుండె సిన్మాకు. తర్వాత రైల్వేల కుదిరిండు, స్టేషన్ల మైకు ఆయన చేతికే వచ్చింది. బండి లేటని చెప్పినా తిట్టబుద్ది గాకపోతుండె. పొద్దూకంగ డ్యూటీ దిగి నాటకాలు. నేను రైలు పట్టాల గ్యాంగుల పనిజేసెటోణ్ణి, నాటకంల తెర గుంజుడు నా పని. నవ్వకు, తెర గుంజుడు అల్కగాదు. ఏం చెప్తాన... ఆ, మీ దాదీ దిల్షాద్ బేగం. చిన్నప్పుడు అమ్మవారు పోసి ఆమెకు చూపు పాయె గదా. పెండ్లి మాటలప్పుడు 'ఆయనను ఏమన్న మాట్లాడమనుండ్రి' అన్నదంట. ఈయనకు సిగ్గయి, ఏం తోచక, 'వరంగల్, నెక్కొండ, కేసముద్రం, మానుకోట, డోర్నకల్' అని బండి ఆగే స్టేషన్లు చదివిండంట. ఆమె పక్కున నవ్విందంట. అయిపాయె, పెండ్లి కుదిరింది.

ఇగ సిన్మా. ములుగు అవతల అడివి ఊరి మీద ఒకాయన నవల రాసిండు, మన మాటల్నే. దాన్ని సిన్మా తీస్తనని మద్రాసు సంది ఒక డైరెక్టర్ దిగిండు. 'పేరున్న మొఖాలు నాకొద్దు' అన్నడు. ఎసొంటోళ్లను పట్టిండనుకున్నవ్! హీరో బ్యాంకు కౌంటర్ల కూసునే పిలగాడు. తల్లి ఏషం పూలమ్మది, ఊరూరు తిరిగి చిందాట ఆడినామె. దొర ఏషం ఓ బడిపంతులుది. పాపం, దొర లెక్క ఆడోళ్లను తిట్టుడు, కట్ అనంగనే 'తప్పయింది తల్లీ' అని దండం పెట్టుడు. నేనా? గుంపుల నా వీపు కనబడతది. చూపిస్త ఆగు... వద్దుతియ్, ఫోన్ పక్కకు పెట్టు. జహీరన్నది దొర గడీ కావలికారి ఏషం. పుట్టెడు తన్నులు తిన్నోడు, ఒకనాడు తలుపు కాడ నిలబడి 'ఇయ్యాల్టి సంది నీ గడీకి నేను రాను దొరా' అంటడు. గంతే. అరవలే. ఇంట్ల మనిషితోటి అన్నట్టు అన్నడు. లైట్లు పట్టుకున్నోళ్లు గూడ బొమ్మల లెక్క నిలబడ్డరు. డైరెక్టర్ కట్ అనుడు మర్సిండు.

అప్పట్ల షూటింగుల చెప్పిన మాట పనికిరాకపోతుండె, మద్రాసు పోయి తెర మీద బొమ్మ చూసుకుంట మళ్ల చెప్పాలె. 'పిలుస్తం' అన్నరు. మీ దాదా పులుపు బంద్ జేసిండు, మిర్యాల కషాయం తాగిండు. కనబడ్డప్పుడల్ల 'ఏమన్న కబురొచ్చిందా జయరాజూ' అని నన్నడుగుడు. నాకేం వస్తది కబురు? కబురు రాలే, సిన్మా వాల్‌పోస్టరే వచ్చింది. 'ఈళ్ల మాట అందరికీ సమజ్ గాదు' అని పైసలు పెట్టినాయన మా మాటలన్ని మద్రాసుల ఎవలెవలితోనో చెప్పించిండట. ఈయనకు ఒక్కరన్న చెప్పలే, ఒక్కరన్న.

వరంగల్ల మ్యాట్నీకి పోయినం. దిల్షాద్ వదినె సిన్మా హాలుకు వచ్చుడు అదే మొదలు. కొత్త బురఖా. ఆయనకు అటుపక్క ఆమె, ఇటుపక్క నేను. తెర మీద జహీరన్న వచ్చిండు, ఈలలే ఈలలు. నోరు తెరిసిండు. 'ఎవరు మీరు? ఎక్కడికి వెళ్తున్నారు?' ఎవని గొంతో, నూనె రాసినట్టు. ఎనుక ఎవడో కిసుక్కున నవ్విండు. వదినెకేం ఎరుక? 'మీరెప్పుడొస్తరు?' అని అడిగింది. ఈయన కుర్సీ చెయ్యి గట్టిగ పట్టుకున్నడు. జరసేపైనంక మళ్ల, 'ఇంక రాలేదా?' ఆమె చెవులు రిక్కించుకొని కూసున్నది బిడ్డా, మొగుని కోసం. నాకు లేసి పోదమనిపిచ్చింది. నేను లేవబోతె నా భుజం మీద చెయ్యేసి కూసోబెట్టిండు.

ఇగ ఆ తలుపు సీను వచ్చింది. ఈయన ఆమె చెవి కాడికి వంగి, 'ఇగో, వచ్చిన' అన్నడు. తెర మీదోడు 'నేటి నుండి' అని మొదలు పెట్టంగనే, ఈయన మెల్లగ, 'ఇయ్యాల్టి సంది నీ గడీకి నేను రాను దొరా.' ఆమె ఆయన చెయ్యి పట్టుకున్నది. ఇగ అక్కడి సంది ఆయనది ఏ మాటొచ్చినా ఆమె చెవుల ఆయనే చెప్పిండు. ముందు వరుసల పూలమ్మ ఎనుకకు మర్రి చూసింది. ఆమె గొంతు గూడ మార్చిండ్రు గదా. చూసి చూసి, ఆమె గూడ తన మాటలు తను చెప్పుడు షురూ జేసింది. అది చిందాట గొంతు, మెల్లగ రాదు! హాలంత ఇనబడ్డది. ఒక్కడు ఊకోమనలే. అయిపోయినంక బయట వదినె, 'మొదట్ల ఎందుకు రాలేదు మరి?' అన్నది. 'బండి లేటు' అన్నడు మీ దాదా.

ఏడాదికి ఆ డైరెక్టర్ మళ్ల వచ్చిండు, ఇంక పెద్ద ఏషం ఇస్తనని. నా ముంగటనే. జహీరన్న చాయ్ పోయించి, 'గొంతు ఎవరిది పెడతరు సార్?' అన్నడు. 'అది పైసలు పెట్టెటోళ్ల ఇష్టం' అన్నడు డైరెక్టర్. 'అయితే మొఖం గూడ ఇంట్లనే ఉండనియ్యిండ్రి' అన్నడు, నవ్వుకుంటనే. మళ్ల సిన్మా మొఖం చూడలే. నాటకాలైతే ఇడ్సలే, దవాఖానల పడేదాక ఆడిండు. టేపులా? అప్పుడు ఎవల తాన ఉన్నయ్ టేపులు? ఏమున్నా ఇన్నోళ్ల చెవులల్ల ఉన్నది. ఇన్నోళ్లు ఒక్కొక్కరు పోతాండ్రు.

ఆ? ఎట్లుండెనంటె... ఎట్ల చెప్పాలె. బొంగురు గాదు. సన్నగ గాదు. ఆగు, ఆ మాట అని చూపిస్త. జర నీళ్లియ్యి. 'ఇయ్యాల్టి సంది...' ఊహూఁ. అది గాదు. 'ఇయ్యాల్టి...'

బిడ్డా, మబ్బు పట్టింది. బట్టలున్నయ్ పైన, తీస్కరాపో.