టీ ఉన్న గది

దక్షిణ చైనాలో డాంగ్‌గువాన్ పట్నం, ఆరో అంతస్తులో ఒక ఇల్లు. తల్లి పోయిన ఏడో రోజు మధ్యాహ్నం. మాట్లాడుకుంటున్నది అన్న గ్వాంగ్‌మన్, ఉత్తరాది నుంచి వచ్చిన చెల్లెలు సుయ్‌లాన్.

"ఇక్కడ వెలిగించకే. అగరొత్తులు బయట, మెట్ల దగ్గర."

"అమ్మ ఫోటో ఇక్కడుంది గదన్నయ్యా."

"ఫోటో కూడా మెట్ల దగ్గరికే తీసుకుపోదాం. ఈ గదిలో టీ బిళ్ళలున్నాయి, ఏళ్ళు గడిచేకొద్దీ రుచీ విలువా పెరిగే సరుకు. పొగ తగిలిందంటే ఇరవై ఏళ్ళు దాచింది ఒక్క పూటలో పోతుంది."

"ఏడో రోజు అమ్మ ఇంటికొస్తుందంటారు. మెట్ల దగ్గరే నిలబెడతావా?"

"తిక్క మాటలు మాట్లాడకు. ఏమన్నా తిన్నావా?"

"తిన్నా. తిన్నాననే అనుకుంటా."

"గంజి ఉంది."

"వద్దు. చలికాలమంతా అమ్మ ఎక్కడ పడుకుంది?"

"ఎక్కడేంటి, ఫోన్లో చెప్పాగా. ఇక్కడే. ఇంట్లో చెమ్మ ఎక్కని గది ఇదొక్కటే. అటు గోడకి టీ, ఇటు గోడకి అమ్మ మంచం."

"మంచమేది?"

"తీసేశా. పోయినవాళ్ళ మంచం ఉంచుకుంటామా?"

"మోకాళ్ళకి కర్పూరం నూనె రాసేవాడివా?"

"రోజుకి రెండుసార్లు. నువ్వు పంపిన సీసాలే. ఇప్పుడెందుకే ఇవన్నీ?"

"ఊరికే. నాకు ఏడుపు రావట్లేదు. ఏదో ఒకటి అడుగుదామని."

"వస్తుందిలే. కూర్చో, టీ పోస్తా. ఇది నీ కట్టలోది. ఏడు బిళ్ళలు, కట్ట మీద అమ్మే నీ పేరు రాసిపెట్టింది. మొదటి నీళ్ళు పారబోశా, ఇది తాగు. ఎలా ఉంది?"

"వేడిగా ఉంది."

"నేనడిగింది టీ సంగతి."

"బావుంది."

"బావుంది అని ఊరుకుంటే ఎట్లా, వాసన చూడు. పాత చెక్క, ఎండు ఖర్జూరం. పరాయి వాసన ఒక్కటంటే ఒక్కటి లేదు. పక్క వీధి లాయ్ మామ టీ ఏమైందో తెలుసా? గోడవతల వాళ్ళు ఎండుచేపలు వేయించారు, రెండు నెలలు. ఇప్పుడు బిళ్ళ విరిస్తే చేపల కంపు. మనదో, కడిగిన ముత్యం."

"అవును. ఏ వాసనా లేదు."

"చెప్పానా మరి."

"కర్పూరం వాసన కూడా లేదు."

"కెటిల్లో నీళ్ళయిపోయాయి, పెట్టొస్తా."

"అన్నయ్యా."

"కాగితం చుట్టి ఉంటుంది గదా."

"లాయ్ మామది చుట్టలేదా?"

"ఇంకాస్త పోస్తా, ఉండు."

"అమ్మ ఎక్కడ పడుకుంది?"

"చల్లారిపోతుంది, తాగు."

"ఎక్కడ?"

"బాల్కనీలో."

"చలికాలంలో."

"అద్దాలు బిగించా. రెండు దుప్పట్లు, ఒక రగ్గు..."

"బట్టలారేసే చోట. తడి బట్టల కింద."

"నేను పంపలేదే."

"మరి ఆ మోకాళ్ళతో మంచం తనే ఎత్తుకుపోయిందా?"

"మోసింది నేనే. పట్టుబట్టింది. వద్దంటే రెండు పూటలు అన్నం ముట్టలేదు."

"టీ కోసం అమ్మని చలిలో పడుకోబెట్టావు. పైగా నాకు అబద్ధం చెప్పావు."

"అబద్ధం నీ కోసమే చెప్పా."

"నా కోసమా?"

"వద్దులేవే. తాగు."

"చెప్పన్నయ్యా."

"చలి మొదలవకముందు ఒకసారి ఫోన్ చేశావు. అప్పటికి నూనె మొదలుపెట్టి రెండు రోజులే. ఈ గదిలోనే రాస్తున్నానని చెప్పా. నువ్వేమన్నావో గుర్తుందా?"

"లేదు."

"'అయ్యో, ఆ కంపంతా నా టీకి పట్టేస్తుందేమో, కాస్త చూసుకో అన్నయ్యా' అన్నావు."

"ఏదో మాటవరసకి అన్నా. నవ్వుతూ అనుంటా."

"నవ్వుతూనే అన్నావు. తెల్లారి అమ్మే మంచం బాల్కనీలో వెయ్యమంది."

"నువ్వు చెప్పావా అమ్మకి, నేనన్నది?"

"నేనెందుకు చెప్తానే. నా చేతులు నూనెతో జిడ్డుగా ఉన్నాయి. ఫోన్ నా చెవికి ఆనించి పట్టుకున్నది అమ్మే. సరిగ్గా వినబడట్లేదని నేనంటే, స్పీకర్ కూడా తనే పెట్టింది."